చప్పట్లు కొట్టకూడని చోట

చలికాలం సెలవులు వచ్చాయంటే ఊరంతా పని మానేసి మా హాలు మీద పడుతుంది. పొద్దున పిల్లలకు బొమ్మలాట, మధ్యాహ్నం నాట్యం, సాయంత్రం సంగీతం. బయట వీధి పొడుగునా చెట్లకు దీపాల తీగలు చుడతారు. కూడలిలో మంచు పరిచి జారుడు ఆట పెడతారు. అక్కడ జారిపడి మోకాళ్లు తడుపుకున్నవాళ్లంతా వెచ్చగా కూర్చోవడానికి మా దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్ల కోట్లూ గొడుగులూ తీసుకుని, చేతిలో బిళ్ల పెట్టి, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరివి వాళ్లకు అప్పజెప్పడం నా ఉద్యోగం. మా అక్క చేతుల మీదుగా రోజూ కోట్లు పోతుంటాయని మా తమ్ముడు నలుగురిలో చెప్పి నవ్విస్తుంటాడు. వాడి మొహం.

నేను చెప్పబోయేది నా సంగతి కాదు. నా కౌంటరుకు ఎదురుగా ఉన్న తలుపు దగ్గర నిలబడే టార్చక్క సంగతి.

టార్చక్క అసలు పేరు మా ఆఫీసు గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చేతిలో చిన్న టార్చి పట్టుకుని, వెలుగు నేలమీదే పడేలా చూపిస్తూ, చీకట్లో జనాన్ని వాళ్ల వాళ్ల కుర్చీల దాకా తీసుకెళ్తుంది. మొదట్లో హాలు ఊడవడానికి వచ్చిందట. ఊడ్చే మనిషిని తలుపు దగ్గర నిలబెట్టారంటే ఆవిడ పద్ధతి అలాంటిది. ఆవిడ తలుపు మూస్తే మూసిన చప్పుడు వినపడదు. ఆవిడ నడిస్తే నడిచినట్టు తెలియదు. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి ఎంత విసుక్కున్నా ఆవిడ గొంతు పెరగదు. ఏళ్ల తరబడి ఆ తలుపు వెనక నిలబడి నిలబడి, ఆ హాలు మర్యాదంతా ఒంటికి పట్టేసింది. ఇంట్లో గిన్నెమీద మూత కూడా చప్పుడు కాకుండా పెడుతుంది. వాళ్ల వాటాలో చుట్టుపక్కలవాళ్లు ఈవిడకు గొంతు జబ్బేమో అనుకుంటారు.

ఇక దేవుడు ఎవరికి ఎవరిని ముడిపెడతాడో చూడండి. అలాంటావిడకు మొగుడు రేకుల వర్క్‌షాపులో పనిచేసే మా బావ. రేకులు కోసి, వంచి, పెట్టెలూ గొట్టాలూ చేసే చోటు అది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సుత్తుల మోతలో ఉండి ఉండి ఆయనకు సగం చెవుడు వచ్చింది, గొంతు రెండింతలైంది. బావ గుసగుసగా చెప్పిన రహస్యం వీధి చివర కొట్టువాడికి కూడా తెలిసిపోతుంది. మనిషి మాత్రం వెన్న. నేను అక్కకు తోబుట్టువును కాకపోయినా, చూసిన మొదటి రోజే మరదల్ని చేసేశాడు.

ఒకసారి వాళ్లింటికి వెళ్తే అక్క టీ ఇచ్చింది. బావ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, టపటపా చప్పట్లు కొట్టాడు. నేను ఉలిక్కిపడ్డాను. అక్క మొహం చిట్లించి, "అబ్బ, ఏమిటయ్యా నువ్వు, ఇదేమన్నా మీ షాపా" అంది.

అప్పుడు చెప్పాడు బావ. వాళ్ల షాపులో ఎవరైనా రేకును ఒక్క వంపులో, గీత తప్పకుండా, సరిగ్గా వంచితే దగ్గరున్నవాళ్లు పనాపి చప్పట్లు కొడతారట. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి, మెచ్చుకోవాలంటే అదొక్కటే దారి. "పని బాగుంటే అప్పటికప్పుడే కొట్టాలి మరదలా. ఎవరూ కొట్టలేదనుకో, ఆ ముక్క తుక్కులోకే. ఆ చేసినవాడు తలెత్తడు ఇక, అన్నం కూడా సరిగ్గా తినడు." టీ గ్లాసు ఎత్తి మళ్లీ ఒక గుక్క తాగి, "మీ అక్క టీ ఎప్పుడూ తుక్కులోకి పోలేదు" అన్నాడు. అక్క నవ్వలేదు. వీధిలోకి వినపడుతుందని కిటికీ మూసింది.

అదే రోజు నేను బయల్దేరుతుంటే మెట్ల దాకా వచ్చి ఇంకో మాట కూడా చెప్పాడు. ఆయనకు ఒకే ఒక్క కోరిక ఉందట. అక్క తలుపు తెరిచి పట్టుకుంటే తను ఆ హాల్లోకి వెళ్లాలి. "లోపల ఏం వాయిస్తారో నాకెటూ సగమే వినపడుతుంది. అది కాదు. అక్కడ నలుగురి ముందు 'ఈయన మా ఆయన' అని మీ అక్క ఒక్కసారి అంటే చాలు. కానీ పనివాళ్ల ఇళ్లలో వాళ్లకు పాసులివ్వరట కదా." నేను నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. ఎందుకంటే ఇస్తారు. ప్రతి సెలవులకూ మేనేజరు పిలిచి మరీ ఇస్తాడు. అక్క వాటిని ఏటేటా పై వాటాలో ఉన్న టీచరమ్మకు ఇచ్చేస్తోందని నాకు తెలుసు. మొగుణ్ని తీసుకురావడానికి సిగ్గు. ఆ మాట ఆవిడ ఎప్పుడూ పైకి అనలేదు, నేనూ అడగలేదు. కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందంటారు, అందుకని.

ఈ ఏడు ఆ గుట్టు మెట్లమీద రట్టయింది. టీచరమ్మ ఎదురుపడి, "మీ ఆవిడ పుణ్యమా అని ఏటేటా మంచి సంగీతం వింటున్నానండీ" అని బావకు దండం పెట్టినంత పనిచేసింది. ఆయన ఇంట్లోకి వచ్చేసరికి అక్క వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోందట. ఈ సంగతి తనే నాకు చెప్పింది, తల వంచుకుని.

"పాసులిస్తారట కదే" అన్నాడట.

అక్కకు తేలు కుట్టినట్టయింది. కత్తి ఆపి అలాగే నిలబడిపోయింది. బావే, "నాకు అంతసేపు కుదురుగా కూర్చోవడం రాదని ఇవ్వలేదు కదూ. నిజమేలే. ఈసారి కూర్చుంటా" అన్నాడట. చూడండి, ఆవిడ వెతుక్కోవాల్సిన సాకు కూడా ఆయనే వెతికి చేతిలో పెట్టాడు. "నువ్వే అయితే ఏం చేస్తావే, ఇక తీసుకురాక తప్పుతుందా" అని నన్నడిగింది అక్క. తీసుకురావడం శిక్ష అన్నట్టు అడిగింది. నాకు ఒళ్లు మండింది, కానీ ఆవిడ మొహం చూస్తే జాలేసింది.

ఆ తర్వాత రోజూ పాఠాలే. హాల్లోకి రాగానే గట్టిగా పలకరించకు. కుర్చీ మీద కాలు మీద కాలు వేసుకోకు. చాక్లెట్ కాగితం విప్పకు. దగ్గు వస్తే రుమాలు అడ్డం పెట్టుకో. ఫోను ఇంట్లోనే వదిలేసి రా. పక్కవాళ్లతో మాట కలపకు. ఇన్నీ చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పడం మరిచిపోయింది. అది ఆవిడకు ఊపిరి పీల్చినంత అలవాటైపోయిన విషయం కాబట్టి, తెలియనివాళ్లు ఉంటారని కూడా తట్టలేదు.

సెలవుల చివరి వారంలో పెద్ద సంగీత కార్యక్రమం. ఆ సాయంత్రం బావ అందరికంటే ముందు వచ్చేశాడు. జుట్టు కత్తిరించుకున్నాడు, చెవి వెనక సబ్బు నురగ ఇంకా ఆరలేదు. వాళ్ల మేస్త్రీ దగ్గర అరువు తెచ్చిన టై మెడకు ఉరితాడులా ఉంది. నా కౌంటరు మీద కోటు పెట్టి, "మరదలా, జాగ్రత్త, కోటు పాతదే గానీ జేబులో నా అదృష్టం ఉంది" అని ఎప్పటిలాగే అరిచాడు. వరసలో వెనకున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

అక్క ఎక్కడినుంచి వచ్చిందో గబగబా వచ్చింది. అటూ ఇటూ చూసి, పెదవులు కదిలీ కదలకుండా, "నీది పైన బాల్కనీలో. నేరుగా వెళ్లి కూర్చో. కింద నన్ను పలకరించకు, డ్యూటీలో ఇంటివాళ్లతో మాట్లాడకూడదు" అంది.

అలాంటి నియమమేదీ మా హాల్లో లేదు. బావ మాత్రం వెంటనే గొంతు దించేసి, "డ్యూటీ అంటే డ్యూటీయే" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి, నల్లకోటూ తెల్ల కాలరూ వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డ అక్కను చూసుకున్నాడు. నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

విధి అనే మాట నాకు నచ్చదు, కానీ ఆ రోజు బాల్కనీలో వెచ్చదనం ఇచ్చే యంత్రం ఆగిపోయింది. జనం చలికి వణుకుతున్నారని మేనేజరు అక్కడివాళ్లందరినీ కిందకు పంపి, ఖాళీ కుర్చీల్లో సర్దమన్నాడు. అలా బావ వచ్చి పడ్డది సరిగ్గా అక్క తలుపు దగ్గర, నడవ పక్క కుర్చీలో. ఆయన ముందు వరసలో శాలువా పెద్దావిడ.

ఈవిడ గురించి చెప్పాలి. ఎన్నో ఏళ్లుగా ప్రతి చలికాలం మా హాలుకు వచ్చే మనిషి. పెద్ద ఇంటి మనిషని చూడగానే తెలుస్తుంది. ఎవరి భుజమూ పట్టుకోదు, టార్చక్క చెయ్యి మాత్రం పట్టుకుని నడుస్తుంది. "నువ్వు లేకపోతే ఇది హాలులా ఉండదమ్మాయ్" అని ఒకసారి అందట. ఆ మాట అక్క నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. మనకు ఇంట్లోవాళ్లు వంద మంచిమాటలు చెప్పినా చెవికెక్కవు గానీ, పై నుంచి ఒక మాట రాలితే దాన్ని మూటగట్టుకుని తిరుగుతాం.

కార్యక్రమం మొదలైతే నా కౌంటరు దగ్గర పనుండదు. నేనూ వెళ్లి తలుపు తెర పక్కన, అక్క వెనక నిలబడ్డాను. వేదిక నిండా వాద్యగాళ్లు. ముందు ఫిడేళ్లు మెల్లగా మొదలై, తర్వాత అన్నీ కలిసి, ఆఖరికి హాలు పైకప్పు ఊగినట్టు అనిపించింది. బావను చూశాను. ముందుకు వంగి, నోరు కొద్దిగా తెరుచుకుని, మోకాళ్ల మీద వేళ్లతో ఏదో కొలుస్తున్నాడు. అంత మోత కాబట్టి ఆయనకు బాగానే వినపడి ఉంటుంది. అంత కుదురుగా కూర్చున్న బావను నేనెప్పుడూ చూడలేదు. అక్క కూడా చూసింది. ఆవిడ భుజాలు కాస్త కిందకు దిగాయి.

అంతలో మొదటి భాగం అయిపోయింది.

ఆ సంగీతం మూడు నాలుగు భాగాలుగా ఉంటుంది. భాగానికీ భాగానికీ మధ్య వాద్యాలన్నీ ఆగుతాయి. అప్పుడు చప్పట్లు కొట్టకూడదు. దగ్గుకోవచ్చు, ముక్కు చీదుకోవచ్చు, కుర్చీలో సర్దుకోవచ్చు, చప్పట్లు మాత్రం కూడదు. అంతా అయ్యాకే కొట్టాలి. ఎందుకని నన్నడక్కండి, నాకూ తెలియదు. అక్కడివాళ్లకు పుట్టుకతో తెలుసు, మిగతావాళ్లు పక్కవాళ్లను చూసి నేర్చుకుంటారు.

బావ పక్కవాళ్లను చూశాడు. ఎవరూ కొట్టడం లేదు. వేదిక మీద వాళ్లు చెమట తుడుచుకుంటున్నారు. అంత పని చేసినవాళ్లను చూసి ఒక్కడు కూడా చెయ్యి కదపడం లేదు. ఆయన మొహంలో కంగారు నాకు స్పష్టంగా కనిపించింది. ఆయన ఎరిగిన లోకంలో అలాంటి నిశ్శబ్దానికి ఒకటే అర్థం.

కొట్టాడు. రేకులు వంచే చేతులు అవి. ఆ నిశ్శబ్దంలో ఆ చప్పుడు హాలు ఆ చివర్నుంచి ఈ చివరికి పోయింది. కొడుతూ అటూ ఇటూ తిరిగి, మీరూ కొట్టండయ్యా అన్నట్టు జనాన్ని చూసి నవ్వుతున్నాడు. ఎవరూ కలవలేదు. కలవకపోయేసరికి వాద్యగాళ్ల మీద జాలి ఇంకా ఎక్కువైంది కాబోలు, ఇంకా గట్టిగా కొట్టాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకాయన "ష్" అన్నాడు. వాద్యాలను నడిపించే ఆయన చెయ్యి గాల్లో అలాగే ఆపి, వీపు తిప్పకుండా వేచి చూస్తున్నాడు.

శాలువా పెద్దావిడ మెడ తిప్పి బావను పైనుంచి కింద దాకా చూసి, చూపుడు వేలితో అక్కను పిలిచింది. అక్క వంగింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను.

"ఎవరమ్మాయ్ ఇతను? ఎవరి తాలూకు?"

అక్కకు కావలసినంత వ్యవధి ఉంది. రెండే రెండు మాటలు. మా ఆయనండీ. అంతే. బావ జన్మలో అడిగింది ఆ రెండు మాటలే.

"తెలీదండీ" అంది టార్చక్క. "బాల్కనీ నుంచి వచ్చినాయన. నేను చెప్తానండీ."

అక్క టార్చి నేలమీదకు వేసుకుంటూ ఒక వరస వెనక్కి వచ్చి, బావ పక్కన వంగింది. వేల మందికి చెప్పినట్టే, ఆ మెత్తటి గొంతుతోనే చెప్పింది. "సార్, మధ్యలో చప్పట్లు కొట్టకూడదండీ. దయచేసి."

ముందు ఆయన మొహం వెలిగింది. తన భార్య తన దగ్గరికి వచ్చిందని సంబరం. అంత మందిలో తనను వెతుక్కుంటూ వచ్చిందని. తర్వాత ఆ 'సార్' ఆయనకు అందింది. అక్క మొహంలోకి చూశాడు. అక్క వెనక నుంచి ఇటే చూస్తున్న శాలువా పెద్దావిడను చూశాడు. చేతులు దించేశాడు.

"అలాగేనండీ" అన్నాడు. "తెలియలేదండీ. ఏమనుకోకండి."

ఎంత మెల్లగా అన్నాడంటే నాకు పెదవులు చూస్తేగానీ తెలియలేదు. ఆయనకు అంత చిన్న గొంతు ఉందని ఆ రోజే తెలిసింది.

అక్క తిరిగి వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో టార్చి వెలుగుతూనే ఉంది, ఆర్పడం మరిచిపోయింది. నేనే ఆర్పాను.

విరామంలో జనమంతా కాఫీకి లేచారు. బావ లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వేదిక మీది ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చున్నాడు. శాలువా పెద్దావిడ అక్క చెయ్యి పట్టుకుని, "ఎంత మర్యాదగా చెప్పావు. అతను కూడా నొచ్చుకోలేదు. నీ దగ్గర నేర్చుకోవాలి అందరూ" అని మెచ్చుకుంది. ఏళ్లుగా అక్క ఎదురుచూసే మాటలు అలాంటివే. అక్క నవ్వబోయింది, మొహం సహకరించలేదు.

"వెళ్లి ఒక్క మాట పలకరించక్కా" అన్నాను నేను.

"డ్యూటీలో ఉన్నానే."

ఆ డ్యూటీని తగలెయ్య అని నోటి దాకా వచ్చింది.

రెండో సగం నేను సంగీతం వినలేదు. ఆఖరికి అంతా ముగిసి హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు, మళ్లీ మళ్లీ చప్పట్లు. ఇందాక "ష్" అన్నాయన కూడా కుర్చీ ఎక్కేలా ఉన్నాడు. అంత మంది మధ్య బావ కూడా లేచాడు, చేతులు మాత్రం పక్కనే ఉన్నాయి. కొట్టడం లేదు. తల తిప్పి తలుపు వైపు, అక్క వైపు చూస్తున్నాడు. ఇప్పుడు కొట్టొచ్చా అని.

అక్క తలూపింది. అప్పుడు కొట్టాడు, వేళ్ల చివర్లతో, చప్పుడు కాకుండా.

బయట నా కౌంటరు ముందు వరస కట్టారు. శాలువా పెద్దావిడ కోటు తొడుక్కుంటోంది. వెనకే బావ, చేతిలో బిళ్ల. అక్క తలుపు వదిలేసి వచ్చింది. ఎప్పుడూ జనం పూర్తిగా పోకుండా తలుపు వదలని మనిషి. మొహం పాలిపోయి ఉంది, అయినా వచ్చి బావ పక్కన నిలబడింది. చెప్పేస్తుందని నాకర్థమైంది. నా చేతుల్లో బావ కోటు అలాగే ఉంది.

"అమ్మా, ఈయన..." అంది అక్క.

ఆ మాట పూర్తి కాకుండానే బావ అందుకున్నాడు. పెద్దావిడ వైపు తిరిగి, "నాదే తప్పండీ. ఈవిడ చాలా మర్యాదగా చెప్పారు. ఇలాంటివాళ్లు ఉండబట్టే నాలాంటివాళ్లకు నాలుగు తెలుస్తాయి" అన్నాడు. అక్కను కాపాడుతున్నాననుకున్నాడు పిచ్చిమహారాజు. నా చేతుల్లోంచి కోటు తీసుకున్నాడు, నన్ను మరదలా అని కూడా పిలవలేదు. అక్కకు చిన్నగా దండం పెట్టి, "వస్తానండీ" అని చలిలోకి వెళ్లిపోయాడు.

"పాపం, మంచివాడే" అంది పెద్దావిడ.

అప్పటికైనా చెప్పొచ్చు. తలుపు ఇంకా ఊగుతోంది.

"అవునండీ" అంది అక్క.

మొదటి మాట కంగారులో వచ్చిందని నేను సర్దిచెప్పుకున్నాను. ఈ రెండో మాటకు నా దగ్గర సర్దుబాటు లేదు. అక్క దగ్గరా లేదు. పెద్దావిడ వెళ్లాక కోట్ల మధ్యకు వచ్చి, ఎవరివో పొడుగు కోట్ల వెనక నిలబడి మొహం దాచుకుంది. ఏడవలేదు. "భూమి చీలితే బాగుండునే" అంది. ఆవిణ్ని అనడానికి నాకు మాత్రం ఏం మొహముంది, ఆయన మరదలా అని పిలిచినప్పుడల్లా పలికేదాన్ని, కౌంటరు వెనక నిలబడి నేనూ నోరు విప్పలేదు.

బావ రోడ్డు అవతల, దీపాలు చుట్టిన చెట్టు కింద ఆవిడ కోసం నిలబడి ఉన్నాడట. బస్సులో దారి పొడుగునా ఫిడేళ్ల గురించే మాట్లాడాడట. అన్ని చేతులు ఒకేసారి పైకి లేచి ఒకేసారి కిందకు దిగడం ఎలా కుదురుతుందని ఆశ్చర్యపోయాడట. హాల్లో జరిగిన సంగతి ఎత్తలేదు. దిగేముందు మాత్రం ఒకటి అడిగాడట. "ఆ పెద్దావిడ నిన్నేమీ అనలేదు కదా, నా మూలంగా."

"తెలీదు అన్నానే నేను" అంది అక్క మర్నాడు నాతో. "ఆయనకు చెవుడు కదా. ఆ మాట విని ఉండడు. ముందు వరసలో కదా అన్నాను. విని ఉండడులే."

"విని ఉండడులే అక్కా" అన్నాను. వినకపోతే మరి సొంత భార్యకు 'అండీ' అని ఎందుకు బదులిచ్చాడు? సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

సెలవుల ఆఖరి రోజు బావ వాళ్ల వర్క్‌షాపులో ఇంటివాళ్లందరినీ పిలుస్తారు. యంత్రాలు తుడిచి, నేల కడిగి, పిల్లలకు రేకుతో చిన్న చిన్న పెట్టెలు చేసి చూపిస్తారు. అక్క ఎప్పుడూ హాలు పని ఉందని తప్పించుకునేది. ఈసారి సెలవు పెట్టి వెళ్లింది. మర్నాడు పనిలోకి వచ్చి, కోటు విప్పకుండానే నా కౌంటరు లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అందరి దగ్గరికీ తీసుకెళ్లాడే" అంది. "ఒక్కణ్ని వదల్లేదు. మేస్త్రీ దగ్గరికి, ఓనరు దగ్గరికి, ఊడ్చే ముసలాయన దగ్గరికి. మా ఆవిడ, మా ఆవిడ అని ఒకటే అరుపు. ఎంత గొప్పవాడైనా మా ఆవిడ టార్చి వేస్తేగానీ కూర్చోలేడు అని చెప్పాడు. వాళ్లంతా లేచి నాకు కుర్చీ వేశారు."

నేను కోట్లు తగిలించడం ఆపాను.

"తర్వాత ఒకతను పెద్ద రేకు పెట్టి వంచాడు. ఒక్క వంపు. ఎంత బాగా వచ్చిందో నాక్కూడా తెలిసింది. చుట్టూ అందరూ చప్పట్లు మొదలుపెట్టారు. మీ బావ చేతులు కూడా లేచాయి." అక్క తన చేతులు రెండూ ఎదురెదురుగా ఎత్తి, మధ్యలో ఆపి చూపించింది. "ఇలా ఆగిపోయాయి. నా వైపు చూశాడే. తన షాపులో, తనవాళ్ల మధ్య. కొట్టొచ్చా అని నా వైపు చూశాడు."

"నువ్వేం చేశావక్కా?"

"కొట్టాను. ఆయనకంటే ముందు నేనే కొట్టాను. చేతులు మండేదాకా కొట్టాను." ఎత్తిన చేతులు ఇంకా దించలేదు. "అయినా ముందు నా వైపు చూశాడు కదే."

బయట జనం అప్పటికే తలుపు తడుతున్నారు. అక్క లేచి కాలరు సర్దుకుని, టార్చి తీసుకుని వెళ్లి తలుపు తీసింది.